దించలేని గాలిమరకు అనుమతి ఇవ్వకండి
(నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా,

ఇంటి కరెంటు కోసం పెరట్లోనో మిద్దె మీదో చిన్న గాలిమర పెట్టుకుంటామని మీ పంచాయతీకి అర్జీ వస్తే, మిగతా కాగితాలు చూసే ముందు ఒక్క ప్రశ్న అడగండి. తుపాను వస్తోందని తెలిసిన రోజున దీన్ని నేలకు దించగలరా? దించాలంటే ఎంతమంది కావాలి, ఎంతసేపు పడుతుంది? జవాబు తడబడితే అర్జీ పక్కన పెట్టండి. మర ఏ కంపెనీదైనా సరే, ఎన్నేళ్ల గ్యారంటీ రాసిచ్చినా సరే.

మేం గాలిమరలు వద్దనేవాళ్లం కాదు. కాయిళ్లు చుట్టడం, రెక్కలు చెక్కడం, స్తంభాలు నిలబెట్టడం, విరిగినవాటిని బాగుచెయ్యడం మా పని. ఈ తీరంలో చిన్న గాలిమర ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది స్తంభం అడుగున ఉండే హింజి, అంటే స్తంభాన్ని వాల్చి దించడానికి ఉండే మడత బందు. కొనేవాళ్లు రెక్కల రంగు చూస్తారు, వాట్లు చూస్తారు. ఆ హింజి వంక వంగి చూసేవాళ్లు తక్కువ. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం.

కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో నెల్లూరుకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలికి ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరునూ 1500 న్యూటన్ల బలం తోస్తుంది; మన లెక్కలో సుమారు 150 కిలోలు. గాలిమర హాయిగా తిరిగే గాలి సెకనుకు 10 మీటర్లది, అప్పుడు అదే తోపు ఆరు కిలోలు. వేగం అయిదింతలు, తోపు ఇరవై అయిదింతలు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులు ఈ లెక్కను కాగితం మీద ఉండనివ్వలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినా, నెల్లూరు దాకా దాని దెబ్బ తగిలింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. మన జిల్లాలకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బు పట్టి సోలార్ పలకలు సగానికి పడిపోయే రోజులుంటాయి. గాలిమర అక్కరకొచ్చేది సరిగ్గా అప్పుడే. తుపాను వచ్చేదీ అప్పుడే. కాబట్టి ఈ మూడు నెలలూ మరను మూలన పడేస్తే దాన్ని పెట్టుకున్న ప్రయోజనం సగం పోతుంది. అవసరమైన రోజు దించి, తుపాను వెళ్లిన మర్నాడు మళ్లీ ఎత్తగలిగేలా ఉండాలి.

స్తంభం సంగతికి వెళ్లేముందు కరెంటు లెక్క చూద్దాం. ఇది అర్జీదారుకు మీరే వేసి చూపించవచ్చు. మన వేడికి పలచబడ్డ గాలి ఘనపు మీటరు 1.15 కిలోలు తూగుతుంది. కాబట్టి గాలిలోని శక్తి వాట్లలో కావాలంటే 0.575ను రెక్కలు తుడిచే వైశాల్యంతో హెచ్చవేసి, దాన్ని గాలి వేగంతో వరసగా మూడుసార్లు హెచ్చవెయ్యాలి. అందులో 59.3 శాతానికి మించి ఏ మరా లాగలేదని జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే తేల్చాడు. ఇంటి దగ్గర కట్టే చిన్న మర, నష్టాలన్నీ పోను, 20 నుంచి 25 శాతం బ్యాటరీలోకి చేర్చిందంటే బాగా కట్టినట్టే.

రెక్కల వ్యాసం 2.4 మీటర్లున్న మరను తీసుకోండి. ఇంటివాడకానికి ఇది మంచి కొలత. అది తుడిచే వైశాల్యం నాలుగున్నర చదరపు మీటర్లు. సెకనుకు 4 మీటర్ల గాలిలో 166 వాట్లుంటాయి, చేతికొచ్చేది 40. గాలి 8 మీటర్లకు పెరిగితే 1330 ఉంటాయి, చేతికొచ్చేది 330. వేగం రెట్టింపైతే కరెంటు ఎనిమిది రెట్లు. గాలిమర వ్యాపారంలో మోసమంతా, ఆశంతా ఈ ఎనిమిదిలోనే ఉంది.

ఏడాది సగటు గాలి సెకనుకు 3 మీటర్లున్న చోట ఈ మర రోజుకు అర యూనిట్ ఇస్తుంది. 4 ఉన్న చోట ఒకటిన్నర, 5 ఉన్న చోట మూడు. ఒకటిన్నర యూనిట్లంటే నాలుగు ఎల్ఈడీ బల్బులు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, కాసేపు టీవీ, ఇన్వర్టరు తినే వాటా. ఫ్రిజ్ పెడితే మొత్తం దానికే చెల్లు. ఏసీ మాట తలపెట్టొద్దు.

ఒక కిలోవాట్ సోలార్ పలకలు మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, తిరిగే భాగం ఒక్కటీ లేకుండా. పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది. అందుకని, లైను కరెంటు ఉన్న ఇంటికి మేమిచ్చే మొదటి సలహా సోలారే. గాలిమర అడగాల్సినవాళ్లు వేరు: లైను రాని ఉప్పు మడుల దగ్గర కాపలా గుడిసె, తీరానికి దగ్గరగా చెట్లు లేని బయలులో ఉన్న ఇల్లు, రాత్రిపూట వైర్‌లెస్ సెట్లు, దీపాలు నడవాల్సిన చోటు. అక్కడ కూడా ఒంటరిగా పెట్టకుండా సోలార్‌కు తోడుగా పెడితేనే పొత్తు కుదురుతుంది.

రొయ్యల గుంటలవాళ్లకు వేరే చెప్పాలి. గుంట నీళ్లలో గాలి కలిపే రెండు హెచ్‌పీ ఏరేటరు ఒకటి రాత్రి పది గంటలు తిరిగితే 15 యూనిట్లు తింటుంది. పైన చెప్పిన మర, సగటు గాలి 4 మీటర్లున్న చోట, పది రోజుల్లో ఇచ్చే కరెంటు అది. గట్టు మీద గాలిమర పెట్టి ఏరేటర్లు నడుపుకోవచ్చని ఎవరైనా కరపత్రం పంచితే, ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి నోటీసు బోర్డు మీద అంటించండి. కాపలా షెడ్డులో దీపాలకూ, ఆక్సిజన్ మీటరు చార్జింగుకూ అయితే సరే.

కరపత్రాల్లో ‘ఒక కిలోవాట్’ అని ఉంటే ముందు రెక్కల వ్యాసం అడగండి. వ్యాసం 1.2 మీటర్లే అయితే, సెకనుకు 12 మీటర్ల గాలిలో కూడా ఆ రెక్కలకు ఎదురయ్యే శక్తి మొత్తం 1120 వాట్లు. బెట్జ్ హద్దు ప్రకారం దేవుడు దిగొచ్చినా 670 దాటదు. నిజంగా కిలోవాట్ రావాలంటే, అదీ సెకనుకు 11 మీటర్ల పెద్ద గాలిలో, వ్యాసం దగ్గర దగ్గర రెండున్నర మీటర్లుండాలి. ‘రెండు మీటర్ల గాలికే తిరుగుతుంది’ అన్నది ఇంకో మాట. తిరుగుతుంది, కాదనం. ఆ గాలిలో చదరపు మీటరుకు ఉండేదే నాలుగున్నర వాట్లు. జాతరలో రంగుల కాగితం మర కూడా తిరుగుతుంది.

గాలి పటాల గురించి కూడా ఒక హెచ్చరిక. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ పటాలు మంచివే, కానీ అవి 50 నుంచి 150 మీటర్ల ఎత్తుకు గీసినవి, పెద్ద మరల కోసం. వంద మీటర్ల ఎత్తులో సెకనుకు 6 మీటర్లని పటం చూపితే, చెట్లూ ఇళ్లూ ఉన్న ఊళ్లో 12 మీటర్ల ఎత్తున అది మూడున్నర నుంచి నాలుగుకు పడిపోతుంది. శక్తి నాలుగో వంతుకు, ఒక్కోచోట అయిదో వంతుకు దిగిపోతుంది. అనంతపురం వైపు రామగిరి కొండల మీద తిరిగే మరలను చూసి మన ఊరి మిద్దెను అంచనా వెయ్యకూడదు.

మిద్దె మీద పెట్టడమే అన్నిటికన్నా చెడ్డ చోటు. పిట్టగోడకు కొట్టుకున్న గాలి సుడులుగా లేస్తుంది. ఇంటి ఎత్తుకు రెండింతల దాకా ఆ గలాటా ఉంటుంది. మర దిక్కు తెలియక అటూ ఇటూ తల తిప్పుతూ అరుగుతుంది, దాని వణుకు శ్లాబులోకి దిగుతుంది. మరకు సరైన చోటు బయలులో స్తంభం; నూరు నూట యాభై మీటర్ల చుట్టుపక్కల ఉన్న దేనికన్నా పది మీటర్లు ఎత్తుగా రెక్కలుండాలి. మన తీరంలో దీనికి ప్రధాన శత్రువు సరుగుడు తోట. నాటినప్పుడు మోకాలెత్తు, నాలుగైదేళ్లకు పది మీటర్లు దాటుతుంది. మర పెట్టిన రోజు బ్రహ్మాండంగా తిరిగి, మూడో ఏట మూలిగిందంటే మెకానిక్కును పిలిచే ముందు పడమటి పక్కన ఏం పెరిగిందో చూడాలి. స్థలం చూసేటప్పుడు పక్క పొలం ఆసామిని ఏం నాటబోతున్నారని అడగడం తప్పుకాదు.

కొలవకుండా కొనొద్దు. గాలి వేగం కొలిచే కప్పుల అనిమోమీటరు ఒకటి, పది నిమిషాల సగటు రాసుకునే లాగరు ఒకటి పైపు మీద పెట్టి ఏడాది ఉంచాలి. ఏడాది ఆగలేకపోతే కనీసం జూన్, జూలైల్లో పడమటి గాలికి ఒక నెల, జనవరి, ఫిబ్రవరిల్లో మందగాలికి ఒక నెల. సాయంత్రం నాలుగింటికి మైపాడు ఒడ్డునో కొత్తపట్నం ఒడ్డునో నిలబడి చేతి మీటరుతో కొలిచిన అంకె సముద్రపు గాలిది. అది రాత్రికి ఉండదు. ఒక్కో పంచాయతీ ఒక అనిమోమీటరు కొని వంతులవారీగా ఇస్తే పదిమంది డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు స్తంభం. ఈ లేఖలో ముఖ్యమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

2.4 మీటర్ల మరకు 12 మీటర్ల స్తంభం కనీసం. మూడంగుళాల మీడియం జీఐ పైపు సరిపోతుంది. మీటరు ఎనిమిదిన్నర కిలోలు, మొత్తం సుమారు వంద. తల మీద మర యాభై కిలోలనుకోండి. దీన్ని నాలుగు వైపులా, రెండు ఎత్తుల్లో స్టే వైర్లు పట్టుకోవాలి: ఒక వరస ఆరు మీటర్ల దగ్గర, ఇంకొకటి తల నుంచి ఒకటిన్నర మీటరు కింద. అంతకన్నా పైకి కడితే రెక్క కొస వైరుకు తగులుతుంది. ఆ వైర్లను నేలకు పట్టి ఉంచే లంగర్లు స్తంభం నుంచి కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. లైన్‌మన్లు వాడే 7/3.15 స్టే వైరు మంచిది. పడవల మోకు, నైలాన్ తాడు తాత్కాలికంగా కూడా వద్దు. ఎండకు సాగి, రాత్రికి రాత్రి స్తంభాన్ని ఒరగబెడతాయి. సరుగుడు బొంగును స్తంభంగా పెడతామనేవాళ్లకు ఒకటే మాట: అది పందిరికి.

నాలుగు లంగర్లలో పక్కవి రెండూ, మధ్యలో అడుగు హింజి ఇరుసూ ఒకే గీత మీద, ఒకే మట్టంలో ఉండాలి. స్తంభం వాలేటప్పుడు పక్క స్టేలు బిగుసుకోకుండా, వదులు కాకుండా ఉండేది అప్పుడే. ఒక లంగరు అరడుగు పల్లంలో ఉన్నా, గీతకు జానెడు వెనక ఉన్నా, సగం వాలేసరికి ఒక స్టే వీణ తీగలా బిగిసి పైపును వంచేస్తుంది. అవతలిది వదులై తల పక్కకు తూగుతుంది. చిన్న స్తంభాలు దించేటప్పుడు విరిగేది ఎక్కువగా ఈ కారణానికే. నీళ్ల పైపుతో మట్టం చూసి, నూలు దారం లాగి గుంతలు తవ్వించండి. కాంక్రీటు పోశాక సర్దుకుందామంటే కుదరదు.

ఎత్తడానికి దించడానికి స్తంభం అడుగున దానికి నిటారుగా ఇంకో పైపు బిగిస్తారు. స్తంభం పడుకుంటే అది లేస్తుంది, స్తంభం లేస్తే అది పడుకుంటుంది. దీని పొడవు మీద కక్కుర్తి పడొద్దు. పైన చెప్పిన బరువుకు ఈ పైపు ఆరు మీటర్లుంటే, స్తంభం నేల నుంచి లేచే క్షణంలో తాడు మీద పడేది 300 కిలోల లోపు. మూడు మీటర్లే పెడితే అది 450. తాడు చుట్టే చేతి వించికీ లంగరుకూ అక్కడే ప్రాణం మీదికొస్తుంది. ట్రాక్టరుతో లాగడం చాలాచోట్ల చేస్తారు, మేం వద్దంటాం. ట్రాక్టరు కుదుపుతో కదులుతుంది, డ్రైవరు వెనక్కి తిరిగి పైకి చూడలేడు. నిమిషానికి జానెడు కదిలే చేతి వించి చాలు.

లంగర్లు మన నేలను బట్టి మారతాయి. ఒడ్డు ఇసుకలో మీటరు లోతుకే నీరు తగులుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అరవై సెంటీమీటర్ల మందం కాంక్రీటు దిమ్మ 1440 కిలోలు తూగుతుంది. నీళ్లలో మునిగితే దాని బరువు 840కి తగ్గిపోతుంది. ఈశాన్య వానల్లో నేలంతా బురదయ్యే రోజునే గాలీ గట్టిగా వీస్తుంది కాబట్టి లెక్క ఎప్పుడూ మునిగిన బరువుతోనే వెయ్యాలి. ఇసుకలో రాడ్డు కొట్టి స్టే కట్టడం దండగ. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో కష్టం వేరు: ఎండాకాలం నేల పగుళ్లిచ్చి దిమ్మ వదులవుతుంది, వానకు ఉబ్బి కదులుతుంది. అక్కడ గుంతను పగుళ్లు దిగే లోతు దాటించి తవ్వి, దిమ్మ చుట్టూ తవ్విన మట్టికి బదులు గ్రావెల్ కూరాలి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి స్టే వైర్లను బిగించే టర్న్‌బకిళ్లు సరిచూడాలి. సరిచూశాక వాటి కన్నాల్లో కట్టుతీగ దూర్చి కట్టెయ్యండి, లేకపోతే వణుకుకు అవే విప్పుకుంటాయి.

వైరు కొసల దగ్గర యూ బోల్టు క్లిప్పులు మూడేసి. యూ వంపు తోక కొస మీద, సాడిల్ (క్లిప్పు అడుగు దిమ్మ) బరువు మోసే వైరు మీద పడాలి. తిరగేసి బిగిస్తే వైరు నలిగి అక్కడే తెగుతుంది. మొదటి వారం తర్వాత మళ్లీ బిగించాలి, కొత్త వైరు సర్దుకుంటుంది.

దించే పని ఎప్పుడు? వాతావరణ శాఖ తుపాను సమాచారం మెట్లుగా ఇస్తుంది: తీరంలో వాతావరణం చెడేందుకు కనీసం 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక. మర అలర్టు నాడే దిగాలి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక పెద్ద అంకెకు మారేదాకా ఆగితే గాలి సెకనుకు ఎనిమిది మీటర్లు దాటిపోతుంది, అప్పుడు స్తంభం మీద చెయ్యి వెయ్యడం మనుషులకు ప్రమాదం. తెల్లవారుజామున, సముద్రపు గాలి లేవకముందు నలుగురు నిలవాలి. ముందు బ్రేకు స్విచ్చి వేసి రెక్కలు ఆగేదాకా చూడాలి. ఇద్దరు పక్క స్టేల దగ్గర చూపు పెట్టాలి, ఒకరు వించి, ఒకరు కేకవెయ్యడానికి. వాలే దారిలో పిల్లలు, గేదెలు ఉండకూడదు. చివరి రెండు మీటర్లలో బరువు అన్నిటికన్నా ఎక్కువ, అక్కడే చేతులు తొందరపడతాయి. తల కింద చెక్క గుర్రం పెట్టి, రెక్కలు విప్పి ఇంట్లో పెట్టేస్తే అరగంట, ముప్పావుగంట పని. అరటి చెట్లకు ఊతం కట్టుకోడానికి కూడా అంతకన్నా ఎక్కువ సేపే పడుతుంది.

మరకు తోక మడత ఉంది కదా, తుపానుకు అదే తప్పుకోదా అంటారు. రెక్కల ఇరుసును తిరుగుడు పైపుకు పది సెంటీమీటర్లు పక్కకు పెట్టి, తోక హింజిని 20 డిగ్రీలు వాలుగా కట్టడం వల్ల పెద్ద గాలికి మర పక్కకు తిరిగి తోక మడుచుకుంటుంది. ఇది పడమటి గాలి ఈదురుకు పనికొస్తుంది. సుడి తిరిగే తుపానుకు, ఎగిరొచ్చే రేకులకు, తాటాకులకు పనికిరాదు. పైగా మన ఉప్పు గాలికి ఆ హింజి ఏడాదిలో పట్టేస్తుంది. పట్టేస్తే మర మడుచుకోదు, కరెంటు హద్దు దాటి కాయిళ్లు మాడతాయి. తోక పలక పెద్దదైతే గాలికి అందంగా ఉంటుందని బరువు పెంచేవాళ్లున్నారు. బరువు పెరిగితే మడత ఆలస్యమవుతుంది, ఫలితం అదే. ఏటా దించి గ్రీజు పెట్టాలి.

మర లోపలి పని మన మోటారు వైండింగు షాపులకూ, ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్లకూ కొత్తేం కాదు. 300 మిల్లీమీటర్ల ఇనుప పలకలు రెండు, పది మిల్లీమీటర్ల మందం. ఒక్కోదాని మీద 46×30×10 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు పన్నెండు, ఉత్తరం దక్షిణం మార్చిమార్చి. రెండు పలకల మధ్య తొమ్మిది కాయిళ్లు రెసిన్‌లో పోసిన, తిరగకుండా నిలిచి ఉండే స్టేటరు, ఫేజుకు మూడు కాయిళ్లు, స్టార్ కనెక్షన్. పాత కారు వెనక చక్రం హబ్బు బేరింగులతో సహా ఇరుసవుతుంది. ఎన్ని చుట్లు అన్నది పుస్తకం చూసి గుడ్డిగా వెయ్యొద్దు, అయస్కాంతం నాణ్యతను బట్టి మారుతుంది. ఒక్క కాయిలు చుట్టి, పలకల మధ్య పెట్టి, చేత్తో సెకనుకు ఒక చుట్టు తిప్పి ఏసీ వోల్టేజి చూడాలి. దాన్నిబట్టి మిగతా ఎనిమిది. 24 వోల్టులకు 12 వోల్టుల కన్నా రెట్టింపు చుట్లు, సగం కోత వైశాల్యం ఉన్న తీగ. రెండో పలక దించేటప్పుడు మూడు పొడవాటి బోల్టుల మీద మెల్లగా దించాలి. చేత్తో పట్టుకు దించితే వేళ్లు నలిగిపోతాయి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఉప్పు గాలికి మొదట పోయేది అయస్కాంతమే. దాని నికెల్ పూత ఎక్కడో గీరుకుంటుంది, లోపల తుప్పు పట్టి ఉబ్బుతుంది, మిల్లీమీటరు సందులో స్టేటరుకు రాసుకుంటుంది. గరగర శబ్దం విన్నాక కూడా తిప్పితే రెండూ పోతాయి. అందుకని అయస్కాంతాల అంచుల దాకా రెసిన్, ఫైబర్ మ్యాట్ నింపి పొయ్యాలి. పాలియెస్టర్ కన్నా వినైల్ ఎస్టర్ రెసిన్ మేలు. పలకలకు పెయింటు చాలదు, వేడి జింకు స్నానం చేయించాలి. మామూలు అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, మాడే వాసన వచ్చిన మరను అందుకే ఆ పూటే ఆపాలి. రెక్కలకు ముడులు లేని, ఆరిన టేకు. మూడూ బరువులోనూ, తూకం కేంద్రంలోనూ సమానంగా రావాలి. పది మీటర్ల గాలిలో రెక్క కొస సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో ఒడ్డు ఇసుక ముందంచును గీకేస్తుంది, టేపు వేసి ఏటా మార్చాలి.

కరెంటు వైపు తప్పుల్లో పెద్దది: సోలార్ కంట్రోలరుకు గాలిమరను తగిలించడం. బ్యాటరీ నిండగానే అది లైను తెంచేస్తుంది. సోలార్ పలకకు దానివల్ల నష్టం లేదు. గాలిమర మీద కరెంటు లోడు పోతుంది, అచ్చోసిన ఆంబోతులా వేగమందుకుంటుంది, వోల్టేజి పెరిగి ఇన్వర్టరు కాలుతుంది, రెక్కలూ ఎగరొచ్చు. మరను ఎప్పుడూ ఖాళీగా తిరగనివ్వకూడదు. నిండిన బ్యాటరీ వదిలే కరెంటును హీటరు తీగకు మళ్లించే కంట్రోలరు కావాలి. 48 వోల్టుల సెట్టులో 600 వాట్లు పారబొయ్యాలంటే ఆ హీటరు అయిదున్నర ఓములు. దాన్ని బ్యాటరీల గదిలో పెట్టొద్దు, చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది. మూడు ఫేజులనూ కలిపేసే బ్రేకు స్విచ్చి స్తంభం అడుగునే, ఫ్యూజులకు మర వైపున ఉండాలి. అంటే ఫ్యూజు పోయినా బ్రేకు పనిచేస్తుంది. ఆ స్విచ్చి మంద గాలిలోనే వెయ్యాలి.

12 వోల్టులు వద్దు. 500 వాట్లను 30 మీటర్ల దూరం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో పంపితే 12 వోల్టుల దగ్గర 42 ఆంపియర్లు పారి 300 వాట్లు వైరులోనే కాలిపోతాయి. 48 దగ్గర ఆ నష్టం 20 వాట్లు దాటదు. స్తంభంలో కేబులు తిరుగుడుకు మెలిపడుతుందని భయపడి, మర తిరుగుతున్నా కరెంటు అందించే స్లిప్ రింగులు పెట్టిస్తారు. ఉప్పుకు అవే ముందు పోతాయి. కేబులు వదులుగా వేలాడదీసి, అడుగున ఒక ప్లగ్గు పెట్టి, ఏడాదికి రెండుసార్లు విప్పి మెలి తీసేస్తే చాలు.

ఇక మీ చేతిలో ఉన్న పని. అనుమతి కాగితంలో ఈ నాలుగు వాక్యాలు చేర్చండి. స్తంభాన్ని నలుగురు మనుషులు గంటలోపు నేలకు దించగలరని పంచాయతీ మనిషి ఎదుట ఒకసారి దించి చూపాలి. స్తంభం ఎత్తుకు ఒకటింపావు వంతు దూరంలో పక్కవాళ్ల ఇల్లు, బాట, కరెంటు లైను ఉండకూడదు. గాలి సగటు ఏ ఎత్తులో, ఏ నెలల్లో కొలిచారో జతచెయ్యాలి. ఇంట్లో లైను కరెంటు ఉంటే గాలిమర ఇన్వర్టరుకూ దానికీ మధ్య, ఒకసారికి ఒక్కదాన్నే ఇంటికి కలిపే చేంజ్ ఓవర్ స్విచ్చి తప్పనిసరి. సముద్రపు పోటు నీరు ఎక్కే గీత నుంచి అయిదు వందల మీటర్ల లోపు స్థలమైతే తీర నియంత్రణ నిబంధనల అనుమతి కూడా చూసుకోవాలి.

ఏటా సెప్టెంబరు ఆఖర్లో, ఈశాన్య వానలు దిగకముందు, ఊళ్లో ఉన్న మరలన్నిటినీ ఒక ఉదయం దింపించి చూడండి. గ్రీజు, క్లిప్పులు, కేబులు మెలి, టేపు అన్నీ ఆ పూటే అయిపోతాయి. ఊళ్లో దించడం తెలిసిన నలుగురి పేర్లు సచివాలయంలో ఉంచండి. ఇంటాయన పనిమీద చెన్నై వెళ్లినా మర దిగాలి.

చేంజ్ ఓవర్ స్విచ్చి గురించి మరొక్క మాట. అది లేకుండా ఇన్వర్టరును ఇంటి వైరింగులో కలిపితే, తుపాను తర్వాత లైను ఆపేసి స్తంభం ఎక్కిన మనిషికి మన ఇంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా పెద్ద వోల్టేజిగా ఎదురొస్తుంది. కాబట్టి అనుమతి ఇచ్చిన ప్రతి ఇంటి వివరం, నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ప్రకాశం వైపు సీపీడీసీఎల్ కరెంటు సంస్థల సెక్షన్ ఆఫీసుకు ఒక ప్రతి పంపండి. ఆ ఊరి లైన్‌మన్‌కు వేరుగా ఒకటి, చేతికే ఇవ్వండి.

ఇట్లు,
చిన్న గాలిమరలు కట్టే, బాగుచేసే పనివాళ్లం,
నెల్లూరు, ప్రకాశం తీర మండలాలు